బడ్జెట్‌పై చట్టసభ పట్టు బిగించాలంటే

సభ బడ్జెట్‌ను ఆమోదించిన రోజున కనిపించిన అంకెలు, ఏడాది ముగిశాక ఖజానా పుస్తకాల్లో తేలే అంకెలు ఒకటి కావు. మధ్యలో ఒక పద్దులోని డబ్బు మరో పద్దుకు మళ్లుతుంది. కొన్ని పథకాలకు విడుదలలే ఆగిపోతాయి. ఆమోదించిన దానికి మించి డబ్బు అడిగే అనుబంధ పద్దులు వస్తాయి. ఆర్థిక శాఖ ఒక్క ఉత్తర్వుతో అన్ని శాఖల ఖర్చుకూ కోత పెడుతుంది. సభ ఓటేసింది మొదటి అంకెలకు, జనానికి అందేది రెండో అంకెల ప్రకారం. ఆ మధ్యలో ఏం జరిగిందో జరుగుతుండగానే అడిగి తెలుసుకోగలిగితేనే ఆ సభకు బడ్జెట్ మీద పట్టు ఉన్నట్టు.

సంస్కరణ అనగానే చాలామంది సవరణాధికారాల దగ్గర, రాజ్యాంగ మార్పుల దగ్గర మొదలుపెడతారు. అవి అవసరమే, కానీ ఏళ్లు పడతాయి. సభా నియమాలు సరిచేసుకుని, కమిటీల పనితీరు మార్చుకుని, నలుగురైదుగురు విశ్లేషకులను చేర్చుకుంటే వచ్చే సమావేశాల నుంచే చేయగల పని చాలా ఉంది. కమిటీ అధ్యక్షులు, సభ్యులు, సచివాలయ సిబ్బంది అక్కడి నుంచే మొదలుపెట్టాలని మా సలహా.

ముందు రెండు పట్టికలు వేయండి

గడిచిన మూడేళ్ల కాగితాలు ముందు పెట్టుకోండి. మొదటిది తేదీల పట్టిక. బడ్జెట్ పత్రాలు సభ చేతికి ఎప్పుడొచ్చాయి, కమిటీలు ఎన్ని రోజులు కూర్చున్నాయి, ఎన్ని పద్దులపై నిజంగా చర్చ జరిగింది, ఎన్ని చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు వెళ్లాయి, ఆమోదం ఏ తేదీన వచ్చింది, ఆ ఏడాది ఆడిట్ నివేదిక ఎప్పుడు వచ్చింది, దాని పరిశీలన ఎప్పుడు ముగిసింది. రెండోది అంకెల పట్టిక. ఒక్కో శాఖకు నాలుగు గడులు: ఆమోదించిన మొత్తం, అనుబంధ పద్దుల్లో అదనంగా ఇచ్చింది, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు.

వీటిని దేనితో పోల్చాలంటే, ప్రభుత్వ ఆర్థిక నిర్వహణను అంచనా వేయడానికి చాలా దేశాలు వాడుతున్న పెఫా కొలమానం పనికొస్తుంది. మొత్తం ఖర్చు ఆమోదించిన దానిలో 95 నుంచి 105 శాతం మధ్య, మూడేళ్లలో కనీసం రెండేళ్లు ఉంటేనే అందులో పై గ్రేడు దక్కుతుంది. ఆడిట్ నివేదిక అందిన మూడు నెలల్లో సభ దాని పరిశీలన ముగించడం పై గ్రేడు, 12 నెలలు దాటితే అట్టడుగు గ్రేడు.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మొత్తం ఖర్చు 98 శాతం అని చూసి అంతా బాగుందనుకుంటారు. లోపలికి వెళితే వడ్డీ చెల్లింపులు 115 శాతం, ప్రజారోగ్యం 70 శాతం ఉండొచ్చు. ఒకటి పెరిగి మరొకటి తగ్గితే మొత్తంలో తేడా కనబడదు. అందుకే శాఖలవారీ పట్టిక లేకుండా కమిటీ గదిలోకి వెళ్లకండి.

సమయం సంపాదించడం

బడ్జెట్ ముసాయిదా ఆర్థిక సంవత్సరం మొదలవడానికి కనీసం మూడు నెలల ముందు సభకు చేరాలన్నది ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2002లో చెప్పిన మంచి పద్ధతి. అమెరికాలో అధ్యక్షుడి బడ్జెట్ ఫిబ్రవరి మొదటి సోమవారానికి రావాలి, అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. దక్షిణ కొరియా తన చట్టంలో ఆర్థిక సంవత్సరం మొదలవడానికి 120 రోజుల ముందు అని రాసుకుంది. భారత్‌లో ఫిబ్రవరి చివరి పనిదినాన వచ్చే బడ్జెట్‌ను 2017 నుంచి ఫిబ్రవరి 1కి జరిపారు. అంతకుముందు ఏప్రిల్ 1 నాటికి పరిశీలన ముగియదు కాబట్టి కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతి (ఓటాన్ అకౌంట్) తీసుకుని మే దాకా నడిపించేవారు. ఒక్క నెల ముందుకు జరగడంతో ఏడాది మొదలయ్యేలోపే పూర్తి బడ్జెట్ ఆమోదించడం వీలైంది.

తేదీ మార్చడం చేతిలో లేకపోతే ఇంకో దారి ఉంది: బడ్జెట్ రాకముందే చర్చ మొదలుపెట్టడం. కెన్యాలో 2012 నాటి ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ చట్టం ప్రకారం బడ్జెట్ విధాన ప్రకటన ఫిబ్రవరి 15 నాటికి, అసలు అంచనాలు ఏప్రిల్ 30 నాటికి పార్లమెంటుకు రావాలి. ఏడాది మొదలయ్యేది జులై 1న. అంటే ఏ రంగానికి ఎంత గరిష్ఠ పరిమితి అన్నది ఇంకా గట్టిపడకముందే సభ మాట్లాడుతుంది. ముసాయిదా అచ్చయి వచ్చాక మంత్రివర్గం ఒక్క అంకె మార్చుకోవడమూ ఓటమిగా భావిస్తుంది. ముందస్తు ప్రకటన దశలో ఆ పట్టుదల ఉండదు. ఏ సభ అయినా దక్కించుకోగల అత్యంత చవకైన సంస్కరణ ఇదేనని మా నమ్మకం.

వచ్చిన సమయాన్ని పంచుకోవడమూ ముఖ్యం. మూడు నెలలు ఇచ్చినా రెండున్నర నెలలు సాధారణ చర్చకే పోతే పద్దుల వంతు వచ్చేసరికి గడువు ముగుస్తుంది, మిగిలినవన్నీ చర్చ లేకుండానే ఒకేసారి ఓటుకు, అంటే గిలెటిన్ కిందికి, వెళతాయి. సభా వ్యవహారాల కమిటీ ముందే నిర్ణయించాల్సింది ఇది: ఏటా అన్ని శాఖలూ కమిటీలకు వెళ్లాలి, సభలో మాత్రం కొన్నే చర్చకు రావాలి, గత ఏడాది రాని శాఖకు ఈ ఏడాది వంతు తప్పనిసరి. ఈ నియమం లేకపోతే రక్షణ, అంతర్గత భద్రత, రుణ చెల్లింపుల వంటి భారీ పద్దులు ఏళ్ల తరబడి ఎవరి నోటా నలగకుండా దాటిపోతాయి.

గడువులోగా ఆమోదం రాకపోతే ఏమవుతుందో కూడా మీ చట్టంలో ఒకసారి చూసుకోండి. చిలీలో కాంగ్రెస్ 60 రోజుల్లో తేల్చకపోతే ప్రభుత్వ ముసాయిదానే అమల్లోకి వస్తుంది, కాబట్టి జాప్యం వల్ల సభకే నష్టం. స్పెయిన్‌లో పాత ఏడాది బడ్జెట్ దానంతట అదే కొనసాగుతుంది. అమెరికాలో తాత్కాలిక అనుమతి కూడా దొరక్కపోతే కార్యాలయాలే మూతపడతాయి. ప్రభుత్వం ఏ మేరకు దిగివస్తుందన్నది ఈ ఒక్క నిబంధన మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

సవరించే అధికారం, దాని హద్దులు

సభలకు ఉన్న సవరణాధికారం స్థూలంగా మూడు రకాలు. అమెరికా కాంగ్రెస్‌లా అంకెలను ఎటైనా మార్చగలవి కొన్ని. ఒక చోట పెంచితే మరో చోట తగ్గించి సరిపెట్టాల్సినవి కొన్ని. బ్రిటన్, భారత్ మాదిరిగా తగ్గించడమే తప్ప పెంచే వీలు లేనివి కొన్ని. ఫ్రాన్స్ రాజ్యాంగంలోని 40వ అధికరణ సభ్యులు ఖర్చు పెంచే సవరణలు తేవడాన్ని నిషేధిస్తుంది. అయినా బడ్జెట్ తయారీ, ఆమోద పద్ధతులను మార్చిన 2001 నాటి లోల్ఫ్ చట్టం తర్వాత ఒకే మిషన్ (ఒకే లక్ష్యం కింద ఉన్న కార్యక్రమాల సముదాయం) లోని కార్యక్రమాల మధ్య డబ్బు మార్చమని అడిగే వీలు కలిగింది. అంటే పెద్ద హద్దును ముట్టుకోకుండానే దానిలోపల చోటు చేసుకున్నారు.

అపరిమిత అధికారం మంచిదే అనుకోవద్దు. స్వీడన్ పార్లమెంటులో ఒకప్పుడు ఒక్కో పద్దును విడివిడిగా ఓటేసేవారు. కమిటీలు తలా కొంచెం పెంచుకుంటూ పోయేవి, చివర్లో మొత్తం ఎంతైందో చూస్తే లోటు పెరిగి ఉండేది. 1990ల మొదట్లో వచ్చిన ఆర్థిక సంక్షోభం తర్వాత పద్ధతి తిరగేశారు. ముందు మొత్తం ఖర్చు, దాన్ని 27 వ్యయ రంగాలకు పంచడం ఒకే నిర్ణయంగా ఓటుకు వస్తాయి. ఆ తర్వాత ఒక్కో కమిటీ తన రంగానికి కేటాయించిన దానిలోపలే సర్దుకోవాలి. ఎక్కువ అధికారం కోరే సభ ముందుగా ఇలాంటి కట్టుబాటు తనకు తాను పెట్టుకోవాలి, లేకపోతే ఆ అధికారాన్ని తిరిగి లాగేసుకోవడానికి ప్రభుత్వానికి మంచి సాకు దొరుకుతుంది.

తగ్గించే అధికారం మాత్రమే ఉన్న సభల్లో కోత తీర్మానాలు ఉంటాయి. భారత్‌లో విధానాన్ని వ్యతిరేకిస్తే పద్దును 1 రూపాయికి, పొదుపు కోరితే ఫలానా మొత్తం మేరకు, ఒక ఫిర్యాదును సభ దృష్టికి తేవాలంటే 100 రూపాయలు తగ్గించాలని ప్రతిపాదిస్తారు. వీటిలో ఏది నెగ్గినా ప్రభుత్వంపై అవిశ్వాసంగా చూస్తారు కాబట్టి అధికార పక్షం విప్ జారీ చేస్తుంది, తీర్మానం వీగిపోతుంది. అందువల్ల ఇలాంటి వ్యవస్థల్లో ఓటింగులో గెలవాలని చూడటం కన్నా కమిటీ సిఫారసుల ద్వారా వెళ్లడం ఫలిస్తుంది. అయితే సిఫారసుకు ప్రభుత్వం రాతపూర్వకంగా, గడువులోగా జవాబివ్వాలని సభా నియమాల్లో ఉండాలి. అది లేకపోతే సిఫారసు ఫైల్లోనే ఉండిపోతుంది.

జర్మనీ పద్ధతి ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ బడ్జెట్ కమిటీ ఒక పద్దును ఆమోదిస్తూనే దానికి తాళం వేయగలదు: డబ్బు మంజూరైనా, ఫలానా నివేదిక ఇచ్చి కమిటీ అనుమతి తీసుకునేదాకా ఖర్చు పెట్టకూడదు. అంకె మారలేదు కాబట్టి ప్రభుత్వం ఓడిపోలేదు, కానీ సభ పట్టు ఏడాది పొడవునా నిలిచింది. ఖర్చు తీరు ఇంకా తేలని కొత్త పథకాలకు, పెద్ద కొనుగోళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. ప్రతి పద్దుకూ తాళం వేస్తే మాత్రం కమిటీ ఆ అనుమతుల కిందే మునిగిపోతుంది. ఏటా ఓ పదింటికి మించి పెట్టుకోకుండా ఉండటం మేలు.

పత్రాల్లో ఏం అడగాలి

పద్దు ఎంత వెడల్పుగా ఉందన్నది ముందు చూడండి. ఒక మంత్రిత్వ శాఖకంతా ఒకే పద్దు అయితే లోపల డబ్బు ఎటు తిప్పినా సభకు తెలియదు. జీతాలు, ప్రయాణాలు, స్టేషనరీ అంటూ వేల వరుసలుగా చీలిస్తే ఏ పథకానికి ఎంతో తేలదు. పథకాలవారీగా, ఒక్కో దాని కింద లక్ష్యంతో, మూడేళ్ల అంచనాతో ఉండే పద్దులు అడగండి. పద్దుల మధ్య డబ్బు మళ్లించడానికి ఆర్థిక శాఖకు ఎంతవరకు సొంత అధికారం, ఎంత దాటితే సభకు చెప్పాలి, ఎంత దాటితే ముందే అనుమతి తీసుకోవాలి అన్న మూడు అంచెల నిబంధన చట్టంలో ఉండాలి.

బడ్జెట్ పుస్తకంలో లేనివి అంతకన్నా ముఖ్యం. పన్ను రాయితీల వల్ల వదులుకున్న ఆదాయం, ప్రభుత్వ సంస్థల పేరుతో తెచ్చిన అప్పులు, ప్రభుత్వం ఇచ్చిన గ్యారంటీలు, ప్రైవేటు భాగస్వామ్య ఒప్పందాల్లో రాబోయే ఏళ్లకు ఒప్పుకున్న చెల్లింపులు, చెల్లించకుండా పేరుకున్న బిల్లులు. ఈ ఐదింటికీ విడివిడి జాబితాలు బడ్జెట్‌తో పాటే రావాలని పట్టుబట్టండి. మొజాంబిక్‌లో ఏం జరిగిందో తెలిస్తే ఇది ఎందుకో అర్థమవుతుంది. 2013, 2014లో ప్రభుత్వ కంపెనీలు సుమారు 200 కోట్ల డాలర్ల రుణాలు తెచ్చాయి, పార్లమెంటు ఆమోదం లేకుండానే వాటికి ప్రభుత్వ గ్యారంటీలు ఇచ్చారు. వాటిలో చాలా భాగం 2016లో బయటపడగానే ఐఎంఎఫ్, దాత దేశాలు బడ్జెట్ సాయం ఆపేశాయి, దేశం అప్పు తీర్చలేని స్థితికి వెళ్లింది. ఆ బరువు మోసింది ఆ అప్పుల సంగతే తెలియని ప్రజలు. సభ ఆమోదం లేని గ్యారంటీ చెల్లదని రుణ చట్టంలో స్పష్టంగా రాయడం, మూడు నెలలకోసారి గ్యారంటీల జాబితా కమిటీకి తెప్పించుకోవడం, ఈ రెండూ కలిసి ఉంటేనే రక్షణ.

పోలికల్లోనూ జాగ్రత్త. ఉదాహరణకు నిరుడు ఒక శాఖకు 500 కోట్లు ఆమోదించారు, ఖర్చు 350 కోట్లే అయింది, ఈ ఏడాది 450 కోట్లు ప్రతిపాదించారు అనుకుందాం. ప్రసంగంలో దాన్ని ఖర్చుతో పోల్చి 29 శాతం పెంచామని చెప్పొచ్చు. నిరుటి ఆమోదంతో పోలిస్తే అది 10 శాతం కోత. రెండూ తప్పు లెక్కలు కావు, కానీ అసలు అడగాల్సిన ప్రశ్న వేరే: 150 కోట్లు ఎందుకు మిగిలిపోయాయి? ఆ కారణం ఇంకా అలాగే ఉంటే ఈ 450 కోట్లూ ఖర్చు కావు.

సొంత లెక్కలు లేకుండా ప్రశ్న లేదు

ఆర్థిక శాఖ ఇచ్చిన అంకెలతోనే ఆర్థిక శాఖను ప్రశ్నించడం కుదరదు. అమెరికా కాంగ్రెస్ 1974 చట్టంతో తన సొంత బడ్జెట్ కార్యాలయం, సీబీఓ, పెట్టుకున్నది కాంగ్రెస్ ఆమోదించిన నిధులను అధ్యక్షుడు నిక్సన్ నిలిపివేయడంపై వచ్చిన ఘర్షణ తర్వాతే. ఆ తర్వాత కొరియా, కెనడా, ఆస్ట్రేలియా, ఉగాండా, కెన్యా, ఇంకా ఎన్నో సభలు అదే దారి పట్టాయి.

చిన్నగా మొదలుపెట్టొచ్చు. పార్లమెంటు సచివాలయంలో ఐదారుగురు చాలు: ఆదాయ అంచనాలు చూసేవారు ఒకరు, అప్పులు, లోటు చూసేవారు ఒకరు, పెద్ద ఖర్చు రంగాలకు ఇద్దరు ముగ్గురు, ఖజానా లెక్కలు చదవగలిగిన అనుభవజ్ఞులు ఒకరు. మొదటి ఏడాది వాళ్ల నుంచి మూడే ఆశించండి: బడ్జెట్ వచ్చిన వారం రోజుల్లో మామూలు భాషలో 20 పేజీల సారాంశం, ఒక్కో కమిటీకి రెండేసి పేజీల ప్రశ్నావళి, మూడు నెలలకోసారి ఖర్చు తీరుపై నోట్. సొంత స్థూల ఆర్థిక నమూనాలు కట్టే పని తర్వాత చూసుకోవచ్చు. చాలా కార్యాలయాలు అందులోనే రెండేళ్లు గడిపి, సభ్యులకు ఏమీ ఇవ్వలేక నమ్మకం పోగొట్టుకుంటాయి.

చట్టంలో రాయాల్సినవి మాత్రం మొదటే రాయాలి. అధిపతి పదవీకాలం ప్రభుత్వ పదవీకాలంతో ముడిపడకూడదు. తొలగించడానికి కారణాలు, పద్ధతి స్పష్టంగా ఉండాలి. ఆర్థిక శాఖ, పన్నుల శాఖ, ఖజానా నుంచి సమాచారం గడువులోగా పొందే హక్కు ఉండాలి, ఇవ్వకపోతే ఆ విషయం సభ ముందు పెట్టే హక్కూ ఉండాలి. విశ్లేషణలన్నీ ఒకే రోజు అన్ని పార్టీలకూ, ప్రజలకూ అందాలి. కార్యాలయం నిధులు ఏటా ప్రభుత్వం దయ మీద ఉండకూడదు. ఈ ఆఖరిది తేలిగ్గా తీసుకునే చోట ఏమవుతుందో హంగరీలో కనిపించింది: 2009లో పని మొదలుపెట్టిన ఇలాంటి స్వతంత్ర సంస్థ, ఫిస్కల్ కౌన్సిల్, ప్రభుత్వ లెక్కలను విమర్శించాక, 2010 చివర్లో దాని సిబ్బందికి నిధులే తీసేశారు. కెనడాలో బడ్జెట్ అధికారి కార్యాలయం 2008లో పార్లమెంటు లైబ్రరీలో భాగంగా మొదలైంది. ఖర్చు కోతల వివరాలు శాఖలు ఇవ్వకపోవడంతో విషయం కోర్టు దాకా వెళ్లింది. 2017లో చట్టం మార్చి దాన్ని స్వతంత్ర కార్యాలయం చేశారు.

ఇంకొక్క మాట. ఈ కార్యాలయం ఏ విధానం మంచిదో చెప్పకూడదు, ఎంత ఖర్చవుతుందో మాత్రమే చెప్పాలి. సీబీఓ మొదటి నుంచీ విధాన సిఫారసులు చేయదు. ఆ గీత దాటిన రోజున అధికార పక్షమో ప్రతిపక్షమో దాన్ని నమ్మడం మానేస్తుంది.

కమిటీ విచారణ నడిపే తీరు

ఒక కమిటీ అన్ని శాఖలనూ ఒకే లోతులో చూడలేదు. జర్మనీలో ఒక్కో శాఖ బడ్జెట్‌కు ప్రతి పార్టీ నుంచి ఒక సభ్యుడు బాధ్యుడిగా ఉంటారు. వాళ్లు ఆ శాఖను ఏళ్ల తరబడి చూస్తారు కాబట్టి అధికారులకు తెలిసినంత వాళ్లకూ తెలుస్తుంది. సభ్యులను ఏటా మార్చేసే పద్ధతి ఉన్నచోట ఈ అనుభవం పేరుకోదు. కనీసం శాఖలవారీ బాధ్యులనైనా సభా కాలమంతా మార్చకుండా ఉంచండి.

విచారణకు రెండు వారాల ముందు రాతపూర్వక ప్రశ్నలు పంపండి, ఐదు రోజుల ముందు జవాబులు రావాలి. సమావేశంలో చదివి వినిపించే ప్రారంభ ప్రసంగం ఐదు నిమిషాలకు మించకూడదు. విధానంపై జవాబు మంత్రిది, ఖర్చుపై జవాబు శాఖ కార్యదర్శిది, ఆ తేడా చూసి పిలవండి. ఆస్ట్రేలియా సెనేట్ అంచనాల విచారణల్లో అధికారులనే నేరుగా ప్రశ్నిస్తారు, అక్కడికక్కడ చెప్పలేని జవాబును తేదీ పెట్టి రాతలో తీసుకుంటారు. ఆ తేదీలను రాసిపెట్టుకుని వెంటపడే సిబ్బంది ఒకరైనా ఉండాలి, లేకపోతే ఆ జవాబులు రావు.

ప్రశ్న ఎలా ఉండాలో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక పథకానికి 1,000 కోట్లు ఆమోదించారు. ఆరు నెలలు గడిచేసరికి 300 కోట్లు విడుదలయ్యాయి, క్షేత్రంలో ఖర్చయింది 180 కోట్లు. ఇప్పుడు శాఖ అనుబంధ పద్దులో మరో 200 కోట్లు అడుగుతోంది. 'ఈ పథకం సరిగ్గా అమలవుతోందా' అని అడిగితే అవుననే జవాబు వస్తుంది, అంతటితో అయిపోతుంది. ఇలా అడగండి: విడుదలకూ ఖర్చుకూ మధ్య ఉన్న 120 కోట్లు ఈ రోజు ఏ ఖాతాల్లో ఉన్నాయి? ఇంకా విడుదల కాని 700 కోట్లు చివరి ఆరు నెలల్లో ఎలా ఖర్చు చేస్తారు, నెలవారీ ప్రణాళిక చూపండి. కొత్తగా అడిగే 200 కోట్లు కొత్త పనికా, పాత బకాయిలకా? ఏ లెక్కతో 200 అయింది? ఇవ్వకపోతే ఏ పని ఆగుతుంది?

మొదటి ప్రశ్న వెనక ఒక చిక్కు ఉంది. నగదు పద్ధతి లెక్కల్లో, అమలు సంస్థ ఖాతాకు డబ్బు పంపగానే ప్రభుత్వ పుస్తకాల్లో ఖర్చు రాసేస్తారు. అది బ్యాంకులో ఊరికే ఉన్నా ఖర్చయినట్టే కనబడుతుంది. ఏడాది చివరి నెలలో విడుదలలు ఒక్కసారిగా పెరగడానికి ఒక కారణం ఇదే. మొత్తం ఖర్చులో చివరి నెల వాటా, చివరి మూడు నెలల వాటా ప్రతి శాఖకూ అడిగితే ఇది వెంటనే బయటపడుతుంది.

ఏడాది నడుస్తుండగా

ఖర్చు నివేదికలు నెలనెలా రావడం మేలు, కనీసం మూడు నెలలకోసారి తప్పనిసరి. నెల ముగిసిన నాలుగు వారాల్లో వస్తే పనికొస్తుంది, మూడు నెలలు దాటి వస్తే అది చరిత్ర మాత్రమే. ఆరు నెలల దగ్గర మధ్యకాల సమీక్ష విడిగా కావాలి. అందులో ఆదాయ, ఖర్చు అంచనాలను కొత్తగా వేసి చూపాలి. ఇప్పటిదాకా ఖర్చయింది మాత్రమే చూపిస్తే అది సమీక్ష కాదు.

అనుబంధ పద్దులు బడ్జెట్ అంత బరువైనవే, కానీ ఒక్క పూటలో ఆమోదం పొందేది కూడా ఇవే. రెండు నియమాలు పెట్టుకోండి: ఏడాదికి రెండుసార్లకు మించి రాకూడదు, ఇప్పటికే చేసిన ఖర్చుకు ఆమోదం అడిగితే దాన్ని విడి జాబితాగా, కారణంతో చూపాలి. ఆ విడి జాబితా ఏటా పెరుగుతుంటే ప్రభుత్వం సభను అడగడం మానేసి చెప్పడానికే వస్తోందని అర్థం.

అత్యవసర పరిస్థితుల్లో పరిశీలన పక్కకు పోతుంది, సరిగ్గా అప్పుడే అది ఎక్కువ అవసరం. 2020లో కోవిడ్ వల్ల సభ వాయిదా పడినప్పుడు న్యూజిలాండ్ ఒక ప్రత్యేక కమిటీ వేసింది. దాని అధ్యక్షత ప్రతిపక్ష నాయకుడిది, సభ్యుల్లో మెజారిటీ ప్రభుత్వ పక్షానిది కాదు, విచారణలు వీడియోలో అందరికీ కనిపించేలా నడిచాయి. ఇలాంటి ఏర్పాటును సంక్షోభం రాకముందే నియమాల్లో రాసుకోవాలి. వచ్చాక రాసే తీరిక ఎవరికీ ఉండదు.

ఆడిట్‌ను ముగింపు దాకా తీసుకెళ్లడం

బ్రిటన్‌లో ఆడిట్ నివేదికలను పరిశీలించే ప్రజా పద్దుల కమిటీ 1861లో ఏర్పడింది. భారత్‌లో అలాంటిదే 1921 నుంచి ఉంది, ఇప్పుడు 22 మంది సభ్యులు, మంత్రులకు అందులో చోటు లేదు, 1967 నుంచి ఆనవాయితీగా అధ్యక్షత ప్రతిపక్షానిది. ఈ ఆనవాయితీ ఉన్నచోట దాన్ని నియమంగా రాసుకోండి. ఆనవాయితీలను ఒక్క రోజులో పక్కన పెట్టొచ్చు. ఆడిటర్ నిధులను ఆడిట్ కావలసిన ఆర్థిక శాఖే నిర్ణయించడం కూడా బాగోదు. బ్రిటన్‌లో 1983 చట్టం తర్వాత ఆ పని పార్లమెంటు కమిషన్ చేతికి వెళ్లింది.

ఈ కమిటీలకు అతి పెద్ద జబ్బు పాత బకాయి. ఐదారేళ్ల కిందటి నివేదికపై విచారణ పెడితే అప్పటి అధికారులు రిటైరై ఉంటారు, మంత్రి మారి ఉంటారు, ఎదురుగా కూర్చున్నవారు 'అప్పట్లో నేను లేను' అంటారు. మేం సూచించే పద్ధతి ఇది. పాతవన్నింటినీ ఒకేసారి సిబ్బంది చేత మూడు కుప్పలు చేయించండి: డబ్బు రాబట్టాల్సినవి, ఇప్పటికీ కొనసాగుతున్న లోపాలు, కాలం చెల్లినవి. మొదటి రెండింటికి రాతపూర్వక జవాబులు తీసుకుని ఒకే నివేదికతో ముగించండి. మూడో కుప్పను సభ అనుమతితో మూసేయండి. విచారణ సమయమంతా తాజా నివేదికకు పెట్టండి. కొన్ని ఆడిట్ అభ్యంతరాలను మూసేస్తున్నారన్న విమర్శ వస్తుంది. దాన్ని భరించడమే మేలు, ఎందుకంటే పాతవాటిని పట్టుకుని కూర్చుంటే తాజావి కూడా పాతబడతాయి.

సిఫారసు రాసే తీరు మీద కూడా ఫలితం ఆధారపడి ఉంటుంది. 'కొనుగోళ్లలో పారదర్శకత పెంచాలి' అని రాస్తే 'చర్యలు తీసుకుంటున్నాం' అని జవాబొస్తుంది, రెండూ నిజమే, ఏమీ మారదు. 'ఫలానా శాఖ కార్యదర్శి, ఫలానా తేదీలోగా, ఇంత మొత్తం దాటిన ఒప్పందాలన్నీ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టి కమిటీకి తెలపాలి' అని రాయండి. ఎవరు, ఏమిటి, ఎప్పటికి, చేశారని ఎలా తెలుస్తుంది, ఈ నాలుగూ లేని వాక్యాన్ని నివేదికలోకి రానివ్వకండి. ఒక నివేదికలో పది సిఫారసులు దాటితే శాఖ తేలికైనవి ఏరుకుని అమలు చేసి, ఎనభై శాతం పూర్తయిందని చూపిస్తుంది.

బ్రిటన్‌లో ప్రభుత్వం సాధారణంగా రెండు నెలల్లో జవాబు ఇస్తుంది, ఒక్కో సిఫారసుకు ఒప్పుకున్నదీ కాదన్నదీ విడిగా చెబుతుంది. ఆ జవాబుతో పని అయిపోదు. ఒక రిజిస్టరు తెరవండి: సిఫారసు, గడువు, శాఖ జవాబు, ఆడిటర్ స్వయంగా చూసి చెప్పింది. నాలుగో గడి ముఖ్యం. శాఖ పూర్తయిందని చెప్పినవాటిని ఆడిట్ కార్యాలయం తనిఖీ చేస్తేనే నిజం తెలుస్తుంది. ఈ రిజిస్టరును ఆరు నెలలకోసారి ప్రచురించండి. వచ్చే బడ్జెట్ విచారణలో అదే శాఖ కూర్చున్నప్పుడు ఆ పేజీ సభ్యుల ముందుండాలి. చాలా సభల్లో బడ్జెట్ చూసే కమిటీ వేరు, ఆడిట్ చూసే కమిటీ వేరు, రెండింటి సచివాలయాలూ ఒకదాని కాగితం మరొకటి చూడవు. నిరుడు దుర్వినియోగమైందని తేలిన పథకానికే ఈ ఏడాది కేటాయింపు పెరగడం అందుకే జరుగుతుంది.

ఎన్నికలు వచ్చి సభ రద్దయితే కమిటీలూ రద్దవుతాయి, సభ్యుల్లో చాలామంది తిరిగి రాకపోవచ్చు. రద్దుకు మూడు నెలల ముందే సచివాలయం వారసత్వ నివేదిక రాయడం మొదలుపెట్టాలి. దక్షిణాఫ్రికా పార్లమెంటు కమిటీలు ఈ పద్ధతి పాటిస్తాయి. అందులో పెండింగ్ సిఫారసుల రిజిస్టరు, శాఖల నుంచి ఇంకా రాని జవాబులు, మొదట్లో చెప్పిన రెండు పట్టికల తాజా ప్రతి, కొత్త కమిటీ మొదటి ఆరు నెలల్లో పిలవాల్సిన శాఖల జాబితా ఉండాలి. కొత్త సభ్యులు ప్రమాణం చేసిన నెలలోపే, మొదటి సమావేశానికి ముందు, అది వాళ్ల చేతికి అందాలి.